సెకండ్‌హ్యాండ్ ఫోర్‌వీల్ ట్రాలీ కొంటున్నారా? ముందు కింద దూరండి, బేరం తర్వాత

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎల్లో బోర్డు ఫోర్‌వీల్ (నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందే) బండ్లు ఎక్కువగా మూడు చోట్ల నుంచి అమ్మకానికి వస్తాయి. రొయ్యల గుంటలు, గ్రానైటు క్వారీలు, అడవి వైపు కరెంటు లైన్లూ టవర్లూ రోడ్ల కాంట్రాక్టులూ. కొనేదీ మళ్లీ వాళ్లే. కాబట్టి ఫోన్లో అడగాల్సిన మొదటి మాట "బండి ఎక్కడ తిరిగింది?" అని. కిలోమీటర్ల సంగతి తర్వాత. మీటరు ఎవరైనా వెనక్కి తిప్పగలరు, ఉప్పు తిన్న ఛాసిస్‌ను ఎవరూ తిప్పలేరు. విడవలూరు గుంటల మీద తిరిగిన బండి, చీమకుర్తి క్వారీలో తిరిగిన బండి, దోర్నాల దాటి అడవి దారుల్లో తిరిగిన బండి, మూడూ ఒకే మోడల్, ఒకే ఏడాదివైనా మూడు రకాలుగా చెడి ఉంటాయి.

అసలు మీకు ఫోర్‌వీల్ అవసరమా

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలో నల్లరేగడి గట్టు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మేత బస్తాలు వేసుకుని రోజూ ఆ గట్టెక్కాలన్నా, క్వారీ ర్యాంపు మీద డీజిల్ పీపాలతో ఎక్కి దిగాలన్నా ఫోర్‌వీల్ కావాలి. ఏడాదికి నాలుగైదు సార్లు అడుసులో దిగబడే బండికి మాత్రం ట్రాక్టరు పిలిచి లాగించుకోవడమే చవక. ఫోర్‌వీల్ అంటే ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందుకీ వెనక్కీ పంచే గేర్ల పెట్టె), ముందు హౌసింగు (రెండు చక్రాల మధ్య ఉండే ఇరుసు పెట్టె), రెండో ప్రొపెల్లరు (హౌసింగుకి శక్తి మోసే పొడుగు షాఫ్టు), ముందు రెండు షాఫ్టులు అదనం. వాటి ఆయిళ్లు, సీళ్లు, క్రాసులు (ప్రొపెల్లరు చివర్ల జాయింట్లు) కూడా మీ నెత్తినే.

దొరికే బండ్లు చాలావరకు మహీంద్రా బొలేరో క్యాంపర్, బొలేరో పికప్‌లలో ఫోర్‌వీల్ మోడళ్లు, టాటా జెనాన్, టాటా యోధా. ఇసుజు వీ-క్రాస్ 2016 నుంచి శ్రీసిటీలోనే తయారవుతోంది కాబట్టి మన రోడ్ల మీద బాగానే కనిపిస్తుంది గానీ, అది ఎక్కువగా వైట్ బోర్డు మీదే ఉంటుంది. వైట్ బోర్డు బండిని కిరాయికి తిప్పకూడదు. కిరాయి ఆలోచన ఉంటే బోర్డు రంగు చూశాకే మిగతా మాటలు.

ఇంకొకటి. టెయిల్ గేటు మీద "4×4" స్టిక్కరు పది నిమిషాల పని. కింద దూరి, గేరుబాక్సు వెనక నుంచి ముందు హౌసింగుకి ప్రొపెల్లరు షాఫ్టు వెళ్తోందా లేదా చూడండి. కొన్ని బండ్లలో హౌసింగు ఉంటుంది, షాఫ్టు ఉండదు. క్రాసు విరిగాక విప్పేసి మళ్లీ బిగించని బండ్లవి. "డీజిల్ ఎక్కువ తాగుతోందని తీసేశాం, షెడ్డులో ఉంది" అంటారు. ఆ షాఫ్టు తెచ్చి బిగించి చూపించేదాకా దాన్ని టూవీల్ డ్రైవు బండిగానే లెక్కకట్టండి.

గుంటల మీద తిరిగిన బండి

ఉప్పునీళ్ల బండి పైనుంచి చూస్తే పెళ్లికొడుకులా ఉంటుంది. తొట్టికి కొత్త రంగు, కింద నల్లటి కోటింగు. కొత్తగా వేసిన నల్ల కోటింగు కనబడితే సంతోషించకండి. తుప్పు గీకి వేశారా, తుప్పు మీదే వేశారా అన్నది తేల్చుకోవాలి.

అరకిలో సుత్తి, స్క్రూడ్రైవరు, టార్చిలైటు తీసుకెళ్లండి. ఛాసిస్ పట్టీల పొడవునా జానెడు జానెడుకీ సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. మంచి ఇనుము ఖణేల్ మంటుంది. తుప్పు లోపలికి దిగినచోట పెంకు మీద కొట్టినట్టు దబదబమని చప్పుడు చచ్చిపోతుంది. అక్కడ స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కండి. పొరలు పొరలుగా రేకు లేస్తే ఆ ముక్క అయిపోయినట్టే. ముఖ్యంగా వెనక కమాన్లు (పట్టీల స్ప్రింగులు) తగిలించిన హ్యాంగర్ల దగ్గర, తొట్టి కింది అడ్డపట్టీల మీద, ఛాసిస్ వంపు తిరిగి వెనక చక్రాల మీదుగా వెళ్లేచోట చూడాలి. రొయ్యలు పట్టినప్పుడు ఐసు కరిగి ఉప్పునీళ్లు తొట్టి మీంచి కారి నిలిచేది అక్కడే. ఛాసిస్ పట్టీ లోపలి వైపు కూడా వేలు పెట్టి తడమండి. బురద పేరుకుని ఎండిపోయి, దాని వెనక చెమ్మ ఏడాదంతా అలాగే ఉంటుంది. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది, మనకేమో బయటినుంచి లోపలికి చూసే అలవాటు.

తర్వాత బ్రేకు పైపులు. వెనక హౌసింగు మీదుగా వెళ్లే సన్నటి ఇనుప పైపు మీద తుప్పు బొడిపెలు ఉంటే మార్పించాల్సిందే, బేరంలో ఆ ఖర్చు తగ్గించుకోండి. రేడియేటరు రేకుల్ని గోటితో మెల్లగా గీకండి. బూడిదలా రాలితే ఉప్పుగాలికి తినేసింది, ఎండాకాలం లోడుతో బండి వేడెక్కుతుంది. హెడ్‌లైట్ల వెనక కనెక్టరు ఒకటి ఊడదీసి చూడండి. పచ్చటి చిలుము పట్టి ఉంటే బండి మొత్తం వైరింగు అంతే అనుకోవాలి. ఫోర్‌వీల్ స్విచ్చుతో పడే బండ్లలో ఈ చిలుమే సగం తలనొప్పులకు కారణం.

కడగని బండి కంటే రోజూ మంచినీళ్లతో కడిగిన బండి చాలా మేలు. కాకపోతే మీరు చూడ్డానికి వస్తున్నారని ఆరోజు కడిగితే లీకులు కనబడవు. "కడక్కుండా ఉంచండన్నా" అని ముందే చెప్పండి.

క్వారీ బండి, అడవి బండి

చీమకుర్తి బండికి తుప్పు తక్కువ, దెబ్బలు ఎక్కువ. డ్రిల్లు రాడ్లు, డీజిల్ పీపాలు, కంప్రెసరు సామాన్లు పరిమితి చూడకుండా వేస్తారు. కమాన్ల మెయిన్ పట్టీ విరిగి వెల్డింగు పెట్టారేమో, సెంటరు బోల్టు తెగి హౌసింగు ఒక పక్కకి జరిగిందేమో చూడండి. ఇరువైపులా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి టేపు పెట్టి కొలవండి. రెండు కొలతలకీ సెంటీమీటరు దాటి తేడా వస్తే కారణం వెతకాలి. ఛాసిస్ మీద అతుకు పలకలు వెల్డు చేసి ఉంటే, పలక చివరన సన్నటి గీతలా పగులు మొదలైందేమో రాగ్ గుడ్డతో తుడిచి చూడండి. అతుకు వేసినచోట బిర్రుగా ఉండి, దాని పక్కన విరుగుతుంది.

రాతిపొడి ఇంజనుకి విషం. ఎయిర్ ఫిల్టరు విప్పి, ఫిల్టరు దాటిన తర్వాతి గొట్టం లోపల వేలు తిప్పండి. వేలికి సన్నటి బూడిద అంటితే దుమ్ము టర్బోలోకి, సిలిండర్లలోకి వెళ్తోంది. బయట ఫిల్టరు ఎంత కొత్తదైనా లాభం లేదు. టర్బో గొట్టం విప్పనిస్తే చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని కదిపి చూడండి. పక్కలకి పిసరంత కదిలితే పర్వాలేదు, ముందుకీ వెనక్కీ కదలకూడదు.

అడవి వైపు తిరిగిన బండి వాగులు దాటి ఉంటుంది. పరిగెత్తి వేడెక్కిన హౌసింగు ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. హౌసింగు పైన బ్రీదరు అని చిన్న గొట్టం ఉంటుంది, అది బురదతో మూసుకుపోయి ఉంటే ఆ గాలి సీళ్ల సందుల్లోంచి నీళ్లను లోపలికి పీల్చేస్తుంది. గుంటల బండ్లకీ ఇదే జరుగుతుంది, అక్కడ ఉప్పునీళ్లు కాబట్టి ఇంకా తొందరగా బేరింగులు పోతాయి.

నీళ్లు చేరాయో లేదో తెలుసుకోవడం తేలిక. రాత్రంతా నిలబెట్టిన బండి దగ్గరికి పొద్దున్నే వెళ్లి, యజమాని అనుమతితో, రెండు హౌసింగుల డ్రెయిను ప్లగ్గు ఒక చుట్టు వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు, రాత్రికి అడుక్కి చేరతాయి, ముందు అవే చుక్కలుగా కారతాయి. ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు కలిసి చాలాకాలమైనట్టు. డ్రెయిను ప్లగ్గు పూర్తిగా విప్పే పనైతే ముందు ఆయిల్ పోసే పై ప్లగ్గు ఊడుతుందో లేదో చూసుకోండి. కింది నుంచి ఆయిలంతా పోయాక పై ప్లగ్గు తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. ప్లగ్గుకి అయస్కాంతం ఉంటే దానికి అంటుకున్న మెత్తటి నల్ల ముద్ద మామూలే. గోరంత ముక్కలు వస్తే హౌసింగు లోపలి క్రౌను, పినియను గేర్ల పళ్లు రాలుతున్నాయి.

ఫోర్‌వీల్ నిజంగా పడుతోందా

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలగ్గానే సరే అనుకుంటారు. ఆ దీపం స్విచ్చు చెప్పే మాట, చక్రం చెప్పేది కాదు.

ముందు చల్లటి బండి మీద, ఇంజను ఆపి, గట్టి నేల మీద చూడండి. వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు ఒక చక్రం మాత్రమే జాకీతో లేపి, ఛాసిస్ కింద స్టాండు పెట్టండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టి కింద దూరొద్దు. టూ-హైలో (వెనక చక్రాలకే శక్తి), గేరు మొదటిదిలో ఉంచి లేపిన చక్రం చేత్తో తిప్పితే తిరగాలి. ఇప్పుడు ఫోర్-హై (నాలుగు చక్రాలకీ శక్తి, మామూలు వేగం) వేసి మళ్లీ తిప్పండి. కొద్దిగా ఆడి బిగుసుకోవాలి. బిగుసుకోకుండా హాయిగా తిరుగుతుంటే ముందుకి శక్తి వెళ్లే దారి ఎక్కడో తెగింది. చక్రాల మధ్యలో చేత్తో తిప్పే హబ్ లాకులు ఉన్న బండి అయితే రెండూ "లాక్" వైపు తిప్పాకే ఈ పరీక్ష. స్విచ్చుతోనో వాక్యూమ్‌తోనో పడే బండికి ఇంజను ఆపితే ఈ పరీక్ష పనిచేయకపోవచ్చు, దాన్ని ఇసుకలోనే తేల్చాలి.

ఎండు తారురోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి చూపిస్తానంటే ఒప్పుకోవద్దు. ఈ బండ్లలో ముందు, వెనక ప్రొపెల్లర్ల మధ్య డిఫరెన్షియల్ (వేగం తేడాని సర్దే గేర్లు) ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనకవి తక్కువ దూరం తిరగాలి. తారు మీద టైరు జారదు కాబట్టి ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసులో మెలిక పడి బిగుస్తుంది. అలా తిప్పీ తిప్పీ దాని లోపలి గొలుసు సాగదీసిన బండ్లు చాలా ఉన్నాయి.

మైపాడు వైపో కొత్తపట్నం వైపో, అలలు తగలని పొడి ఇసుక దారికి తీసుకెళ్లండి. బండి ఆపి ఫోర్-హై వేసి వంద మీటర్లు నడపండి. ఇంకొకరు పక్కన నిలబడి ముందు చక్రాలు ఇసుకని వెనక్కి తోస్తున్నాయో, ఊరికే దొర్లుతున్నాయో చూడాలి. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు కిందనుంచి టక్కు టక్కుమని ఎగిరిపడ్డ చప్పుడు వస్తే ట్రాన్స్‌ఫర్ కేసులో గొలుసు సాగి పళ్ల మీద జారుతోంది. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి నెమ్మదిగా లాగితే టికటికమంటుంటే ముందు షాఫ్టు జాయింటు పోయింది. చక్రం లోపలివైపు చింపిరి రబ్బరు బూటు, చుట్టూ చిమ్మిన గ్రీజు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు.

ఫోర్-లో (నాలుగు చక్రాలకీ శక్తి, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) వేయాలంటే బండి పూర్తిగా ఆగి, క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. కదులుతున్న బండిలో వేయబోతే కరకరమంటుంది, అది బండి తప్పు కాదు. ఫోర్-లోలో బండి దాదాపు రెండున్నర రెట్లు నెమ్మదిస్తుంది, మొదటి గేరులో యాక్సిలరేటరు ముట్టుకోకుండా ఇసుక దిబ్బ ఎక్కేయాలి. దిగేటప్పుడు కాలు తీసేసి ఇంజను పట్టు మీద వదలండి. అప్పుడు లివరు దానంతటది ఎగిరి న్యూట్రల్లోకి వస్తే లోపల ఫోర్కు, పళ్లు అరిగిపోయాయి. దిగుడులో బండి ఒక్కసారిగా వదిలేస్తుంది కాబట్టి లోడుతో ఇది ప్రాణాంతకం. ఆ బండి ఎంత చవకైనా ఆ పని చేయించాకే తీసుకోండి.

చివరికి మళ్లీ టూ-హైకి తిరిగి రావాలి. కొన్నిటికి పడటం తేలిక, ఊడటం కష్టం. ఐదు మీటర్లు వెనక్కి నడిపితే మెలిక వదిలి వచ్చేస్తే మామూలే. అప్పటికీ రాకపోతే లింకేజీ తుప్పుపట్టి ఉంటుంది, ఏళ్ల తరబడి ఫోర్‌వీల్ వేయని బండికి వచ్చే జబ్బు ఇది.

టైర్లు నాలుగూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. ముందు అరిగినవి, వెనక కొత్తవి వేసి ఫోర్‌వీల్‌లో నడిపితే తిన్నగా వెళ్తున్నా మెలిక పడుతూనే ఉంటుంది. టైరు చుట్టూ టేపు చుట్టి కొలిస్తే రెండు నిమిషాల పని.

ఇంజను సంగతి క్లుప్తంగా

చల్లగా ఉండగా స్టార్ట్ చేయాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మర్నాడు వస్తామని వచ్చేయండి. స్టార్టింగులో కాస్త పొగ పర్వాలేదు. వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోతే ఆయిల్ తాగుతోంది. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పొగ బుస్సుబుస్సుమని కొడుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి. నేషనల్ హైవే మీద 60 నుంచి 80 వేగంలో పది కిలోమీటర్లు నడిపి, కాలు తీసినప్పుడు ఒక చప్పుడు, తొక్కినప్పుడు ఇంకో చప్పుడు వెనకనుంచి వస్తోందేమో వినండి. అలా వస్తే హౌసింగు పని ఉంది. రివర్సు నుంచి మొదటి గేరుకి మార్చినప్పుడు టక్కుమంటే ప్రొపెల్లరు క్రాసులు. మీటరు రీడింగు కంటే క్లచ్ పెడలు రబ్బరు, డ్రైవరు సీటు అంచు నిజం చెప్తాయి.

కాగితాలు

నంబరు ఏపీ 26 అంటే నెల్లూరు, 27 అంటే ప్రకాశం. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్‌గా ఏపీ 39 మొదలైంది కాబట్టి కొత్త బండ్ల నంబరు చూసి ఏ జిల్లాదో చెప్పలేం, ఆర్సీలో అడ్రసు చూడాలి. ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద మీ కళ్లతో చదివి పోల్చండి. ఛాసిస్ మీద అంకెల చుట్టూ గ్రైండింగు గీతలుంటే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి.

పరివాహన్ యాప్‌లో ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు, ట్యాక్సు, ఫైనాన్సు వివరాలు కనిపిస్తాయి. చలాన్లు ఈ-చలాన్ సైటులో విడిగా చూడాలి. ట్రాన్స్‌పోర్టు బండికి ఎనిమిదేళ్ల దాకా ఎఫ్‌సీ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఎఫ్‌సీ అయిపోయిన బండి కొంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు చెప్పే పనులన్నీ మీవే, అందుకే ఎఫ్‌సీ చేయించి ఇమ్మని అడగడం మేలు. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి పర్మిట్ అక్కర్లేదు, దాటితే కావాలి. ఆ అంకె ఆర్సీలోనే ఉంటుంది. లైసెన్సు సంగతి అడుగుతుంటారు: 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్టు బండిని ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మరోసారి తేల్చి చెప్పింది.

ఫైనాన్సు ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు. పేరు మార్పుకి ఫారం 29, 30. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, మధ్యలో ఇద్దరు ముగ్గురు చేతులు మారిన బండ్లు మన దగ్గర కొల్లలు. అమ్మే మనిషి వేరు, ఆర్సీలో పేరు వేరు అయితే ఆర్సీ మనిషినే పిలిపించండి. ఆయన చనిపోయి ఉంటే వారసుల పేరు మీద ఫారం 31తో మార్చాకే కొనాలి. ఫైనాన్సు వాళ్లు సీజ్ చేసిన బండి అయితే ఫారం 36తో ఆర్సీ వాళ్ల పేరుకి మారిందేమో అడగండి.

చెన్నై పక్కనే కాబట్టి తమిళనాడు బండ్లు చవకగా వస్తుంటాయి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిలు బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి అక్కడివీ వస్తాయి. వేరే రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 ఎన్‌వోసీ ఉండాలి, ఇక్కడ మళ్లీ ట్యాక్సు కట్టాలి, 12 నెలల లోపు నంబరు మార్పించాలి. ఆ ఖర్చు కలిపి లెక్కేస్తే చాలాసార్లు చవకతనం మాయమవుతుంది.

అగ్రిమెంటులో తేదీతోపాటు బండి అప్పగించిన టైము కూడా రాయించండి. ఆ నిమిషం ముందు చలాను అమ్మినాయనది, తర్వాతది మీది. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. పేరు మార్పు 30 రోజుల్లో, ఇన్సూరెన్సు మార్పు 14 రోజుల్లో అడగాలి. ఆర్సీ తన పేరు మీదే ఉన్నంతకాలం యాక్సిడెంటు కేసులో కోర్టు పాత యజమాని మీదికే వస్తుంది, కాబట్టి సరిగా చెప్తే అమ్మినాయనే దగ్గరుండి మార్పిస్తాడు.

ఇంటికి తెచ్చిన మొదటి వారం

ఐదు ఆయిళ్లూ ఒకేసారి మార్చండి: ఇంజను, గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు హౌసింగు, వెనక హౌసింగు. ట్రాన్స్‌ఫర్ కేసులో కొన్నిటికి గేరు ఆయిలు, కొన్నిటికి ఎర్ర ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసే పలుచటి ఆయిలు). మాన్యువల్ చూడకుండా మెకానిక్ మాట మీద పోయించొద్దు. క్రాసుల గ్రీజు నిప్పిళ్లకి పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొత్తది కొట్టించండి. బ్రీదరు గొట్టాలు ఊడదీసి ఊది, వీలైతే పొడుగు రబ్బరు ట్యూబుతో పైకి, ఇంజను గది దాకా తెచ్చి కట్టించండి. చాలా తక్కువ ఖర్చు.

గుంటల మీద తిప్పేవాళ్లు సాయంత్రం మంచినీళ్లతో కింద, ముఖ్యంగా ఛాసిస్ లోపలివైపు, కడిగి వదలాలి. పాడైన ఇంజనాయిలు ఛాసిస్ మీద కొట్టే అలవాటు మన దగ్గర ఉంది. తుప్పు కొంత ఆపుతుంది గానీ కమాన్ బుష్‌లని, బ్రేకు గొట్టాల రబ్బరుని ఉబ్బిస్తుంది, వాటి మీద పడకుండా కొట్టుకోండి. పని ఉన్నా లేకపోయినా పదిహేను రోజులకోసారి మట్టిదారి మీద ఫోర్‌వీల్ వేసి ఒక కిలోమీటరు నడపండి. వేయకుండా వదిలేసిన లివరు సరిగ్గా కార్తీకమాసం వానలో, గట్టు మధ్యలో బిగుసుకుంటుంది.